ఆకలి నిర్ధారణ కమిటీ

ఈదులవలస బాలికల గురుకుల కళాశాలలో ఆకలి మొదటినుంచీ ఉంది. దానికొక కమిటీ లేదన్న సంగతి మాత్రం అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. గంట కొట్టేవారు, పిల్లలు కంచాలు పట్టుకుని మెస్సుకు పోయేవారు, పెట్టింది తినేవారు, కంచాలు కడుక్కుని వచ్చేవారు. ఇంత పెద్ద వ్యవహారం ఒక్క అధికారి అనుమతి కూడా లేకుండా పూటపూటా సాగిపోతోందని తెలిశాక ప్రిన్సిపాల్ హైమావతి గారికి నిద్ర కరువైంది.

ఆవిడ కళ్ళు తెరిపించింది విశాఖపట్నంలో జరిగిన ఒక శిక్షణ శిబిరం. విద్యార్థి దేహ సౌష్ఠవ శాఖ అని కొత్తగా ఒక శాఖ వెలిసింది. పిల్లలు లావెక్కిపోతున్నారని కొందరు, చిక్కిపోతున్నారని కొందరు గోల పెడుతుంటే, ఇద్దరి నోళ్ళూ ఒకే శాఖతో మూయించవచ్చని పెద్దలకు తోచింది. ఆ శాఖవారు ప్రిన్సిపాళ్ళందరినీ సముద్రం కనిపించే హోటల్లో కూర్చోబెట్టి, కోడిపలావు, రొయ్యల వేపుడు, చివర్లో ఐస్‌క్రీము పెట్టి, మితాహారం గురించి బోధించారు. ఆకలి రెండు రకాలట. కడుపు ఆకలి ఒకటి, మనసు ఆకలి ఒకటి. మొదటిది అసలు, రెండోది నకిలీ. విద్యార్థుల్లో కనిపించేది చాలామటుకు నకిలీదేనట. హైమావతి గారు రొయ్యల వేపుడు రెండోసారి వడ్డించుకుంటూ ఆ మాట రాసుకున్నారు.

దసరా సెలవులయ్యాక మొదటి ప్రార్థన సమావేశంలో ఆవిడ గొంతు సవరించుకున్నారు.

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు మన పెద్దలు. అంటే ఏమిటి? ఆకలి ఏమీ ఎరగదన్నమాట. ఏమీ ఎరగని దాని మాట విని మనం రోజూ మెస్సుకు పరిగెడుతున్నాం. ఇకమీదట ఈ కళాశాలలో ఆకలి వెయ్యగానే ఎవరూ తినరాదు. ఆకలి నిర్ధారణ అయ్యాకే తినవలెను."

పిల్లలు అలవాటుగా చప్పట్లు కొట్టారు. వెనక వరసలో నిలబడ్డ పైడితల్లి కూడా కొట్టింది. చప్పట్లయ్యాక పక్కనున్న గౌరీశ్వరిని మోచేత్తో పొడిచి, "ఏటన్నారే?" అని అడిగింది.

పైడితల్లి ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. ఎత్తరి, బొద్దు మనిషి. సెలవులకు ఇంటికెళితే గడ్డిమోపును ఒక్క ఊపున నెత్తికెత్తుకుంటుంది. చోడి అంబలి తాగి, ఎండునెత్తళ్ళ పులుసుతో చద్దన్నం తిని పెరిగిన ఒళ్ళు. తోటి పిల్లలు కొందరు రోడ్డురోలరని వేళాకోళం చేసినా ఆమె పెద్దగా పట్టించుకునేది కాదు. ఆకలంటే ఆమెకు సిగ్గు లేదు. ఆకలేసేది, తినేది, మళ్ళీ వేళకు ఆకలేసేది. పిలవకుండా వచ్చినా ఎప్పుడూ వేళ తప్పకుండా వచ్చే అలాంటి నమ్మకమైన చుట్టం ఇంకొకరు లేరని ఆమె అభిప్రాయం.

ఆ చుట్టాన్ని రుజువు చెయ్యమని అడుగుతారని ఆమె కలలో కూడా అనుకోలేదు.

మెస్సు గుమ్మం ముందు బల్ల వేశారు. దాని వెనక మూడు కుర్చీలు. మధ్య కుర్చీలో అధ్యక్షురాలు హైమావతి గారు. కుడివైపు కన్వీనరు, అర్థశాస్త్రం చెప్పే జగన్నాథం మాస్టారు. ఎడమవైపు సాంకేతిక సభ్యురాలు, కాలేజీ నర్సు ఫిలోమినమ్మ, మెళ్ళో స్టెతస్కోపుతో. పిల్లల కడుపులోంచి గుర్రుమన్న శబ్దం రావాలి. ఆ శబ్దం ముగ్గురు సభ్యులకూ వినపడాలి. అప్పుడు ఆకుపచ్చ టోకెను ఇస్తారు. టోకెను ఉంటేనే వడ్డన.

బల్లమీద ఒక పళ్ళెంలో వేడివేడి జీడిపప్పు పకోడీ కూడా పెట్టారు. అది కమిటీ కోసం. ఖాళీ కడుపుతో కూర్చుంటే తమ ఆకలికీ పిల్లల ఆకలికీ తేడా తెలియక పొరపాటు జరిగే ప్రమాదం ఉందని కన్వీనరు గారు ముందే ఆలోచించారు.

పైడితల్లి వంతు వచ్చింది.

"పేరు?" అన్నారు జగన్నాథం మాస్టారు.

"పైడితల్లండి."

"ఏం కావాలి?"

"అన్నమండి."

"ఎందుకు?"

"ఆకలేస్తందండి."

"అది నువ్వెలా చెబుతావు? మేం చెప్పాలి. ఊరికే వచ్చి ఆకలేస్తోందంటే నమ్మెయ్యడానికి మేమేమైనా మీ అమ్మలమా?"

ఫిలోమినమ్మ స్టెతస్కోపు ఆమె పొట్టమీద ఆనించి, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి విన్నది. అటు జరిపి విన్నది, ఇటు జరిపి విన్నది. పైడితల్లి తన కడుపు ఏమంటుందోనని తనూ ఊపిరి బిగబట్టింది. అంత మంది ముందు, లంగా ఓణీ మీద చల్లటి బిళ్ళ పెట్టించుకుని, వెనక వరసంతా చూస్తుంటే ఏ కడుపు మాత్రం నోరు విప్పుతుంది?

"ఏమీ వినపడట్లేదండి," అన్నది ఫిలోమినమ్మ. "కొవ్వు పొర అడ్డొస్తోంది."

"పొర ఉన్నచోట ఆకలెందుకుంటుంది?" అన్నారు జగన్నాథం మాస్టారు. "సరుకు నిండా ఉన్న గోదాముకు మళ్ళీ సరుకు పంపమని ఎవరైనా ఇండెంటు పెడతారా? ఇది ప్రాథమిక అర్థశాస్త్రం."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పైడితల్లి ఒళ్ళంతా ముడుచుకుపోయింది. అంతవరకూ తనకు ఒక ఒళ్ళుందని ఆమె అంతగా ఆలోచించలేదు. పనిచేసే వస్తువు గురించి ఎవరు మాత్రం ఆలోచిస్తారు?

"తొందరపడొద్దు. మనం న్యాయంగా పోవాలి," అన్నారు హైమావతి గారు. "పకోడీ పరీక్ష పెట్టండి."

పకోడీ పళ్ళెం ఆమె ముందుకు జరిపారు. పైడితల్లి చూపు పళ్ళెం మీదికి వెళ్ళింది. వెళ్ళక ఎక్కడికి పోతుంది?

"చూశారా, చూపు పళ్ళెం మీదికి వెళ్ళింది! కంటికి కనపడగానే పుట్టింది గనుక ఇది మనసు ఆకలి," అన్నారు జగన్నాథం మాస్టారు.

"ఇక ఆనపకాయ పరీక్ష," అన్నారు అధ్యక్షురాలు. ఇది శిబిరంలో నేర్పిన ఆఖరి అస్త్రం. ఉప్పూ కారం లేకుండా ఉడకేసిన ఆనపకాయ ముక్క ముందు పెట్టాలి. దొంగాకలి అయితే దాన్ని ముట్టదు. అసలు ఆకలి అయితే అదైనా తింటుంది.

పైడితల్లికి గండం గడిచినట్టే అనిపించింది. ముక్క నోట్లో వేసుకుని, నమిలి మింగి, "తినీసానండి. మరి నిజం ఆకలే కదండీ?" అన్నది.

"ఉండేదమ్మా," అన్నారు జగన్నాథం మాస్టారు జాలిగా. "ఇప్పుడు తీరింది కదా. తర్వాతి వారు రండి."

ఆ విధంగా పరిశోధన మొదలైంది. మొదట్లో బక్కపిల్లలకు కాస్త తేలికగానే ఉండేది. పొర అడ్డం లేదు గనుక వాళ్ళ కడుపు గుర్రుమంటే గుమ్మం దాకా వినపడేది. పుల్లలాంటి గౌరీశ్వరి రోజూ టోకెను తెచ్చుకుని దర్జాగా లోపలికి పోయేది. కానీ పుర్రెకో బుద్ధి అన్నారు, అందులోనూ అది కన్వీనరు గారి పుర్రె. "ఈ అమ్మాయి ఇన్నాళ్ళూ మూడుపూటలా తింటూనే ఉంది, అయినా ఇలాగే ఉంది. అంటే తిన్నది ఒంట పట్టడం లేదన్నమాట. ఒంట పట్టని అన్నం పెట్టడం ప్రజాధనాన్ని చిల్లుకుండలో పొయ్యడమే," అని ఆయన అభ్యంతరం లేవదీశారు. దాంతో బక్కపిల్లలకు సగం టోకెను మాత్రమే ఇవ్వాలని తీర్మానమైంది. లావుగా ఉన్నవాళ్ళకు అవసరం లేదు గనుక అన్నం లేదు. బక్కగా ఉన్నవాళ్ళకు ఉపయోగం లేదు గనుక సగమే. లావూ కాక సన్నమూ కాక మధ్యస్తంగా ఉన్నవాళ్ళు ఇప్పటికే ఆదర్శంగా ఉన్నారు గనుక, తింటే ఆ ఆదర్శం ఎక్కడ చెడిపోతుందోనని వాళ్ళనూ ఆనపకాయ మీదనే ఉంచారు.

ఆకలికి రకాలు కూడా ఏర్పడ్డాయి. ఉద్యోగుల సెలవుల నిబంధనలే జగన్నాథం మాస్టారికి కొట్టినపిండి కాబట్టి వాటినే ఆకలికి తొడిగారు. క్యాజువల్ ఆకలి ముందురోజే దరఖాస్తు చేసుకోవాలి. ఎర్న్‌డ్ ఆకలి, అంటే ఆటలాడి, బట్టలుతికి సంపాదించుకున్నది, దాచుకోవచ్చుగానీ ఏడాది చివర వాడుకోకపోతే మురిగిపోతుంది. మెడికల్ ఆకలికి డాక్టరు సంతకం కావాలి. ఆదివారంనాడు ఆకలి వేసినట్లయితే దాన్ని సోమవారంనాడు వేసినట్లుగా పరిగణిస్తారు. ఒక పిల్ల ఆగలేక, "సార్, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయండీ!" అని ఏడిస్తే, ఎలుకల బాధ తమ పరిధిలోది కాదని చెప్పి ఆమెను పారిశుధ్య విభాగానికి పంపించారు.

కమిటీకి మాత్రం పని ఎక్కువైంది. పని ఎక్కువైనకొద్దీ పకోడీ సరిపోక ఉప్మా పెసరట్టు వచ్చింది. దాని వెనకాలే మినప గారె వచ్చింది. పిల్లల ఆకలి విని విని తమ చెవులు చిల్లులు పడుతున్నాయని, పెసరట్టు మీద అల్లం పచ్చడి రాసుకుంటూ హైమావతి గారు వాపోయేవారు.

పిల్లలు చచ్చిపోలేదు. పిల్లలు గట్టివాళ్ళు. గౌరీశ్వరి తన సగం టోకెను అన్నంలోంచే మరో సగం జామెట్రీ బాక్సులో దాచి తెచ్చేది. వృత్తలేఖినికీ కోణమానినికీ మధ్య అణిగిపోయిన పెరుగన్నాన్ని పైడితల్లి దుప్పటి ముసుగులో తినేది. తింటున్నంతసేపూ దొంగతనం చేస్తున్నట్టే ఉండేది.

అసలు బాధ అది కూడా కాదు. రోజూ ముగ్గురు పెద్దవాళ్ళు, అందులో ఒకరు స్టెతస్కోపు పెట్టుకుని మరీ, నీకు ఆకలి లేదమ్మా అని చెబుతుంటే పైడితల్లికి క్రమంగా అనుమానం పట్టుకుంది. చదువుకున్నవాళ్ళు కదా, వాళ్ళకు తెలియదా? తన కడుపే తనకు అబద్ధం చెబుతోందేమో. ఒకరోజు స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి, పొట్టను రెండు చేతులతో పట్టుకుని, "నీకు నిజంగా ఆకలేస్తందా, నేకపోతే నన్ను మోసం చేస్తన్నావా?" అని అడిగింది. కడుపు జవాబు చెప్పలేదు. ఆ రోజునుంచి అద్దం ఉన్నవైపు ఆమె తల తిప్పడం మానేసింది. గంట కొట్టినప్పుడు లోపల ఏదో కదిలితే, అది ఆకలో కాదో తేల్చుకోలేక, మంచం పట్టె పట్టుకుని కూర్చునేది. ఆ నమ్మకమైన చుట్టం తలుపు తడుతూనే ఉన్నాడు, ఆమెకే తలుపు తియ్యడానికి భయమేస్తోంది.

ఆదివారం ఆఫీసు ఫోనుకు తల్లి అప్పాయమ్మ ఫోను చేసింది. ఏ తల్లయినా మొదట అడిగేదే ఆవిడా అడిగింది.

"అన్నం తిన్నావేటే, పైడమ్మా?"

"ఇంకా నిర్ధారణ అవనేదమ్మా."

"అదేటి కూరే? నానెప్పుడూ ఇన్నేదు."

"కూర కాదమ్మా. నాకు ఆకలేస్తందో నేదో సార్లు సూసి సెప్తారు."

"ఓలమ్మ, నీ ఆకలి ఆల్లకెలగ తెలుస్తాదే? కన్నదాన్ని, నాకే నువ్వు ఏడిస్తే గానీ తెలిసీది కాదు," అన్నది అప్పాయమ్మ. ఆఫీసు బంట్రోతు టైమయిందని ఫోను పెట్టించేశాడు. పైడితల్లి ఆ మాటను గదిదాకా మోసుకెళ్ళి, ఎవరూ చూడకుండా ఏడ్చింది.

ఇంతలో కళాశాల పేరు జిల్లా దాటింది. నెలనెలా పంపే నివేదికల్లో నిర్ధారణ అయిన ఆకలి తగ్గుతూ తగ్గుతూ వచ్చి, సగం టోకెను పూర్తి ఆకలి కిందికి రాదు గనుక, ఒక నెల పూర్తిగా లేకుండా పోయింది. దేహ సౌష్ఠవ శాఖవారు దాన్ని చూసి ఉబ్బితబ్బిబ్బయ్యారు. ఎంతమంది మహానుభావులు ఎన్ని పథకాలు పెట్టినా పోని ఆకలి ఈదులవలసలో పోయింది! వెంటనే 'ఆకలి రహిత ప్రాంగణం' అన్న పురస్కారం ప్రకటించి, కమిషనరు గారే స్వయంగా వచ్చి ఇస్తారని కబురు పెట్టారు.

పురస్కారంతోపాటు ఒక ఆదర్శ విద్యార్థినికి సన్మానం కూడా చెయ్యాలట. కమిటీ రికార్డులన్నీ తిరగేసింది. మొదటి రోజునుంచీ ఒక్కసారైనా ఆకలి నిర్ధారణ కాని పిల్ల ఒక్కతే తేలింది.

"పైడితల్లీ, నువ్వమ్మా!" అన్నారు హైమావతి గారు, బుగ్గ నిమిరి. "ఆకలిని జయించిన అమ్మాయివి. వేదిక మీద శాలువా కప్పుతారు. రెండు ముక్కలు మాట్లాడాలి. నాకు ఆకలంటే ఏమిటో తెలియదు అంటే చాలు."

"మరి ఆ రోజు అన్నం పెడతారేటండీ?" అన్నది పైడితల్లి.

ఆవిడ ఆ మాట విననట్టే వెళ్ళిపోయారు.

సభ రోజు తెల్లవారకముందే మెస్సులోంచి వాసనలు బయల్దేరాయి. పులిహోర, పనసపొట్టు కూర, కంద బచ్చలి, ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, నేతిలో వేగుతున్న బూరెలు. అన్నీ అతిథుల కోసం. అతిథులది అధికారిక ఆకలి గనుక దానికి నిర్ధారణ అక్కర్లేదని కమిటీ ముందే తీర్మానించింది. పిల్లలు ఆ గాలిని పీల్చుకుంటూ హాల్లో వరసలు కట్టి కూర్చున్నారు. వాళ్ళకు పొద్దున ఆనపకాయ కూడా పెట్టలేదు. ఆకలి రహిత ప్రాంగణంలో ఆనపకాయ ముక్కలు కనిపిస్తే బాగుండదని కన్వీనరు గారు వాటిని దాయించేశారు.

కమిషనరు గారు ఆలస్యంగా వచ్చారు. పొద్దుటినుంచీ ఇది మూడో సభ. భారీ మనిషి. ఆయనకంటే ముందు ఆయన పొట్ట కారు దిగింది. మైకు ముందు నిలబడగానే ఆయనకు పూనకం వచ్చింది.

"ఆకలి అనేది ఒక ఫైలు వంటిది. వచ్చిందే తడవుగా పరిష్కరించరాదు. పరిశీలించాలి, పక్కన పెట్టాలి, అవసరమైతే వివరణ కోరాలి. ఈ కళాశాల అదే చేసింది. ఇక్కడ ఒక విషయం నా దృష్టికి వచ్చింది. అతిథులకు మినహాయింపు ఇచ్చారట. అది నాకు బాధ కలిగించింది. నిబంధన అంటే అందరికీ నిబంధనే. ఈరోజు ఈ కమిటీ నా ఆకలిని కూడా నిర్ధారించిన తర్వాతే నేను భోంచేస్తాను!"

హాలు దద్దరిల్లింది. విలేఖరులు ఆ వాక్యాన్ని మళ్ళీ ఒకసారి చెప్పించుకుని కెమెరాల్లోకి ఎక్కించుకున్నారు.

అప్పుడు పైడితల్లిని వేదిక మీదికి పిలిచారు. శాలువా కప్పారు. ఆమె మైకు ముందు నిలబడింది. చెప్పవలసిన వాక్యం నాలుక చివరే ఉంది. అంతలో జగన్నాథం మాస్టారు చెయ్యెత్తి ఆపారు. ముందు ఒక కార్యక్రమం మరిచిపోయారట. ఆ శాఖ తొలి కమిషనరు గారు ఈమధ్యే ఒక పెళ్ళి విందులో, రెండోవిడత బూరెల దగ్గర, కాలధర్మం చేశారు. వారి ఆత్మశాంతికి అందరూ లేచి మౌనం పాటించాలి.

అందరూ లేచారు. ఫ్యాన్లు ఆపేశారు. హాలంతా నిశ్శబ్దమైపోయింది. కిటికీలోంచి నేతి వాసన లోపలికి వచ్చి నిలబడింది.

ఆ మౌనంలో పైడితల్లి కడుపు మాట్లాడింది.

మొదట దూరంగా రైలు వంతెన ఎక్కుతున్నట్టు సన్నగా మొదలై, మెల్లగా దగ్గరకొచ్చి, మైకులో పడి, హాలు నాలుగు మూలలా ఉన్న స్పీకర్లలోంచి ఉరిమింది. సర్దుకుని మళ్ళీ ఉరిమింది.

"వినపడిందండీ!" అని అరిచింది ఫిలోమినమ్మ. ఇన్నాళ్ళుగా చెవులు రిక్కించి వింటున్న మనిషి, మౌనం సంగతే మరిచిపోయింది. "స్టెతస్కోపు లేకుండానే వినపడింది!"

"నాకూ వినపడింది," అన్నారు జగన్నాథం మాస్టారు, అలవాటు కొద్దీ.

ఇద్దరూ హైమావతి గారి వైపు చూశారు. ఆవిడకు వినపడలేదనడానికి వీల్లేదు. రోడ్డుమీద పోతున్న ఆటోవాడికి కూడా వినపడింది. ఆవిడ తల కొద్దిగా ఊపారు.

పైడితల్లి తన పొట్టమీద చెయ్యి వేసుకుంది. ఆమెకు సిగ్గు వెయ్యలేదు. ఇన్ని నెలలుగా తప్పిపోయిన మనిషి సంతలో ఎదురైనట్టు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన కడుపు అబద్ధం చెప్పలేదు. ఒక్కరోజు కూడా చెప్పలేదు.

"ఇన్నారా బాబూ?" అన్నది మైకులో. "ఇది నా కడుపేనండి. ముందునించీ ఇదే సెప్తంది. ముగ్గురూ ఇన్నారు కదండి, మరి నాను తినీసొస్తాను."

శాలువా భుజాన వేసుకుని మెట్లు దిగింది. ఒక కడుపు నోరు విప్పితే ఇంకో కడుపు ఊరుకుంటుందా? ముందు వరసలో గౌరీశ్వరి కడుపు అందుకుంది. ఆ వెనక వరస, ఆ పై వరస. హాలంతా ఒక్కటే గుర్రు. ముగ్గురు సభ్యులకూ అన్నీ స్పష్టంగా వినపడుతున్నాయి.

"ఆపండి! వీళ్ళను ఆపండి!" అన్నారు హైమావతి గారు.

"ఎలా ఆపుతామండీ?" అన్నారు జగన్నాథం మాస్టారు. ఆయన మొహం పాలిపోయింది. "నిబంధనల ప్రకారం సక్రమంగానే ఉంది."

పిల్లలు మెస్సులోకి పోయి బంతులు తీరి కూర్చున్నారు. వంటవాళ్ళకు ఎవరు అతిథులో ఎవరు కాదో ఎవరూ చెప్పలేదు. వచ్చి కూర్చున్నవాళ్ళకు వడ్డించారు. పైడితల్లి మొదటి ముద్ద పప్పన్నం, నెయ్యి వేసుకుని, నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుంది.

గుమ్మం బయట బల్ల ముందు కమిషనరు గారు నిలబడి ఉన్నారు. వెనక్కి తగ్గడానికి లేదు. కెమెరాలు ఉన్నాయి. ఫిలోమినమ్మ స్టెతస్కోపును ఆ మహోదరం మీద ఆనించింది. అటు జరిపి విన్నది, ఇటు జరిపి విన్నది.

"పొర... అడ్డొస్తోందండి," అన్నది నేలచూపులు చూస్తూ.

హైమావతి గారికి చెమటలు పోశాయి. "అయ్యో, పకోడీ... పకోడీ పెట్టండి సార్‌కి!" అన్నారు. పళ్ళెం ముందుకు జరిగింది. పొద్దుటినుంచీ మూడు సభలు తిరిగిన మనిషి. కమిషనరు గారి చూపు పకోడీని అంటుకుపోయింది.

"చూపు పళ్ళెం మీదికి..." అని జగన్నాథం మాస్టారి పెదవులు వాటంతటవే కదిలాయి. సగంలో నాలుక కరుచుకున్నారుగానీ కెమెరాలు ఆ సగాన్నీ పట్టుకున్నాయి.

దాచిన ఆనపకాయను వెతికి తెచ్చారు. కమిషనరు గారు ముక్కను గబుక్కున మింగి, "చూశారా? నిజమైన ఆకలే!" అన్నారు ఆశగా.

"ఉండేదండి," అన్నారు జగన్నాథం మాస్టారు. ఏడుపొక్కటే తక్కువ. "ఇప్పుడు తీరింది."

అది కెమెరాల్లోకి ఎక్కాక ఇక ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు. విలేఖరులు ఆ వింతను పట్టణానికి చేర్చాలని పరిగెత్తారు. కమిషనరు గారు కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడ్డారు. బూరెను విరిచి, మధ్యలో గుంట చేసి, నెయ్యి పోసుకుంటున్న పిల్లల్ని చూస్తున్నారు. మాటిమాటికీ గుటకలు మింగుతున్నారు.

పైడితల్లి తలెత్తి చూసింది. ఆ మొహం ఆమెకు తెలుసు. ఆ రోజు స్నానాల గది అద్దంలో చూసింది. ఆకలేస్తోందని చెప్పినా ఎవరూ నమ్మని మనిషి మొహం అలాగే ఉంటుంది. అంతమంది ముందు తన పొట్టమీద స్టెతస్కోపు పెట్టించిన నిబంధనలకు పెద్ద ఆయనే అని ఆమెకు తెలియకపోలేదు. తెలిసినా కడుపు తరుక్కుపోయింది. ఎంగిలి చేత్తోనే లేచి గుమ్మం దగ్గరకు వెళ్ళింది.

"రండి బాబూ, కూకోండి."

"టోకెను లేదమ్మా," అన్నారు కమిషనరు గారు గుసగుసగా.

"మీరు ఆకలేస్తందన్నారు కదండి, నాకు ఇనపడింది. సాలు, రండి."

ఆయన వచ్చి ఆఖరి బంతిలో, పైడితల్లి పక్కన, చాప మీద మఠం వేసుకుని కూర్చున్నారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతైనా ఒకటే అంటారు గానీ, ఆ రోజు వడ్డించింది ఎవరివాళ్ళో కూడా ఆయన చూడలేదు. తలెత్తకుండా తిన్నారు. పులుసు రెండోసారి పోసినప్పుడు ఆయన కళ్ళు తుడుచుకోవడం పైడితల్లి చూసింది. కారమేమో అనుకుని మంచినీళ్ళు జరిపింది.

కమిటీ రద్దయిపోతుందని పిల్లలందరూ అనుకున్నారు. నిజంగానే రద్దయింది. కమిషనరు గారు ఆఫీసుకు చేరగానే ఉత్తర్వులు ఇచ్చారు. విద్యార్థుల ఆకలిని ఇకపై ఎవరూ ప్రశ్నించరాదు, అడిగినవారికల్లా వడ్డించవలెను అని మొదటి పేరాలో ఉంది. పిల్లలు ఈలలు వేశారు. రెండో పేరా కూడా ఉంది. భోజనం మధ్యలో లేచిపోవడం వల్ల అర్ధాకలి అనే కొత్త సమస్య తలెత్తే అవకాశం ఉన్నందున, ప్రతి కళాశాలలోనూ ఒక తృప్తి నిర్ధారణ కమిటీని నియమించవలెను. కడుపు నిండినట్లు ఆ కమిటీ నిర్ధారించేవరకు ఏ విద్యార్థినీ కంచం ముందునుంచి లేవరాదు.

కుర్చీలు మెస్సు బయటినుంచి లోపలికి జరిగాయి. కూర్చున్నది పాత ముగ్గురే.

మొదటి రోజు మధ్యాహ్నం జగన్నాథం మాస్టారు పైడితల్లి కంచం ముందు వంగి నిలబడ్డారు. వెనకాల ఫిలోమినమ్మ. ఆ వెనకాల హైమావతి గారు, ఆకలితో నకనకలాడుతూ. పిల్లల తృప్తి తేలేవరకు కమిటీ తినరాదని మూడో పేరాలో ఉంది. పైడితల్లి నిండిందంటే మాత్రం వాళ్ళేం నమ్ముతారు? రాసుకోవాలి, పరీక్షించాలి, తీర్మానించాలి.

"ఏమ్మా, కడుపు నిండిందా?" అన్నారు మాస్టారు.

పైడితల్లి ముద్ద నమిలి, మింగి, పొట్టమీద చెయ్యి వేసుకుని కాసేపు విన్నది. లోపలి చుట్టం సంగతి ఇప్పుడు ఆమె ఇంకెవరినీ అడగనక్కర్లేదు.

"నేదండి," అన్నది. "ఇంకాస్త పప్పెయ్యమనండి."